రంగు కలపని రసం

పచ్చి ద్రాక్ష ఆకు తుంచితే వేళ్లకు ఒక పుల్లటి వాసన అంటుకుంటుంది. క్రిస్మస్ వెళ్లిన వారం సిరిసిల్లలో మా మందిరం వెనక పందిరి కింద నిలబడి ఆ ఆకులను ఒక్కొక్కటే తెంపుతాను. పక్క వీధిలో మరమగ్గాలు మోగుతూనే ఉంటాయి. ఆ వాసనకు కోరుట్ల ఎస్తేరవ్వ గుర్తొస్తుంది.

పాస్టరుగా నా మొదటి సంఘం కోరుట్ల దగ్గరిది. నాతో చదువుకున్న కొండ ప్రాంతపు మిత్రుడొకడు చదువు ముగిసిన వీడ్కోలప్పుడు రెండు ద్రాక్ష కొమ్మలు తడిగుడ్డలో చుట్టి ఇచ్చాడు. రెండు జాతులు కలిపి పుట్టించిన తెల్ల ద్రాక్షట. వాళ్ల చలికి బాగా కాస్తుందట, దానితో వైన్ చేస్తారట. మా ఎండల్లో అదేం బతుకుతుందిలే అనుకున్నాను. క్రీస్తు రక్తానికి గుర్తుగా సంఘమంతా తాగే ప్రభువు బల్ల రసం కోసం నెలనెలా నల్లద్రాక్షలు మరిగించే ఎస్తేరవ్వ మాత్రం ఆ కొమ్మలు అడిగి తీసుకుంది. బతుకంతా కథలాపూర్ వైపు పరుల చేలల్లో పసుపు తవ్విన మనిషి. తనదంటూ ఉన్నది రేకుల ఇల్లు, దాని ముందు కాస్త వాకిలి. అక్కడే నాటింది. ఒక కొమ్మ బతికింది.

ఏళ్లు గడిచాయి. తీగ పందిరంతా అల్లుకుంది గానీ ఒక్క గుత్తీ వేయలేదు. నర్సరీ జమీల్ భాయ్‌ని అడిగితే, చలిదేశపు చెట్టు చలికాలంలో నిద్రపోవాలని, ఇక్కడ దానికి నిద్ర పట్టడం లేదని, నీళ్లు ఆపి ఆకు దూసి చూడమని చెప్పాడు. క్రిస్మస్ వెళ్లాక పచ్చటి ఆకులు తెంపుతుంటే ఎస్తేరవ్వకు ఏడుపొచ్చింది. వద్దులే, ఆపుదాం అన్నాను.

"పండుకోమంటె ఏ పోరడు పండుకుంటడు అయ్యగారు? జెర కష్టపెట్టాలె," అని కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ తెంపింది.

ఆ వేసవిలో గుత్తులొచ్చాయి. తీసిన రసం లేత నిమ్మరంగులో ఉంది. శనివారం సాయంత్రం సంఘ పెద్ద దావీదన్న గిన్నె మూత తీసి చూసి ముఖం ముడుచుకున్నాడు. మంచివాడే, కానీ బల్ల దగ్గర తప్పు జరుగుతుందేమోనని ఆయనకు భయం.

"ప్రభువు రక్తం తెల్లగుంటదా అయ్యగారు? బీట్‌రూట్ రసం కలుపుండ్రి. లేకుంటె బజార్ల నల్లయి తెద్దాం."

ఆయన మాట కాదంటే సగం సంఘం నాకు దూరమవుతుందని తెలుసు. రసం తెచ్చి పక్కనే నిలబడ్డ ఎస్తేరవ్వ వైపు చూశాను. ఆమె గొంతు పెంచలేదు.

"మా అయ్య, మా అవ్వ, నేను, అందరం మందికే పండిచ్చినం. గిది మాది అని ఆ బల్ల మీద ఎన్నడు ఒక్కటి పెట్టలె. గిది నా వాకిట్ల కాసింది. తీస్కుంటె గిట్లనే తీస్కోండ్రి. రంగెయ్యకుండ్రి."

మరునాడు ఆ రసాన్నే బల్ల మీద పెట్టాను. ఎవరి వాకిట్లో కాసిందో మాత్రం చెప్పాను. చాలామంది తీసుకున్నారు. దావీదన్న చిన్న గిన్నె పట్టుకుని తల వంచుకుని కూర్చున్నాడు, తర్వాత తాగకుండానే కింద పెట్టాడు. ఎస్తేరవ్వ అది చూసింది.

వానాకాలంలో ఆమె గుండె జబ్బుతో జగిత్యాల ఆసుపత్రిలో పడింది. చూడ్డానికి పోతే నా చెయ్యి పట్టుకుని, "దావీదు తాగకపాయె గదా అయ్యగారు," అంది. ఆ వారమే పోయింది. ఆ దిగులుతోనే పోయిందని నాకు చాలా బాధగా ఉండేది.

క్రిస్మస్ వెళ్లాక ఆకు దూద్దామని ఆమె వాకిట్లోకి పోయాను. పందిరి కింద అప్పటికే దావీదన్న ఉన్నాడు. ఆయన కాళ్ల చుట్టూ ఆకులు పడి ఉన్నాయి.

"అవ్వ లేకపాయె. దీన్నెవరు పండవెడ్తరు?" అన్నాడు, నా వైపు తిరగకుండానే.

వేసవిలో రసం ఆయనే తీసి తెచ్చాడు. రంగేమీ కలపలేదు. బల్ల దగ్గర అందరికంటే ముందు లేచి వచ్చి తాగాడు.

సిరిసిల్లకు బదిలీ అయినప్పుడు ఆ తీగ నుంచే ఒక కొమ్మ తెచ్చుకున్నాను. ఇక్కడా ఎవరో ఒకరు, రసం ఎర్రగా లేదేమిటని అడుగుతారు. ఇది ఎస్తేరవ్వ వాకిట్లో తీగదని చెప్పి, గిన్నె చేతికిస్తాను.