గేటు తాళం ఎవరు తీయాలి

కొత్తవాడ కబడ్డీ క్లబ్బుకు కాగితం మీద రాసుకున్న నిబంధనలు పన్నెండు. నిజంగా నడిచింది మాత్రం రాయనిది ఒక్కటే. మీటింగులో ఏ పని గురించి ఎవరు ముందు నోరు తెరిస్తే ఆ పని వాళ్ల నెత్తినే పడుతుంది. అందుకే తొమ్మిది మంది కమిటీ సభ్యులూ చాయ్ తాగుతూ గోడ మీది క్యాలెండర్ చూస్తూ కూర్చునేవారు. ఆఖరికి నోరు తెరిచేది కొమురెల్లే.

జంపఖానాలు నేసే మనిషి. గ్రౌండులో మెత్తమట్టి పోయించిందీ, నల్లా పెట్టించిందీ, ఓడి ఏడ్చే టీముకు అరటిపండ్లు మోసుకొచ్చిందీ అతనే. ఇరవై ఏళ్లు అలాగే గడిచాయి.

గుండె ఆపరేషన్ అయి దవాఖాన నుంచి వచ్చాక, ఆరు నెలలు ఏ పనీ నెత్తిన వేసుకోనని భార్య లక్ష్మీనర్సమ్మ అతనితో ఒట్టు వేయించుకుంది. అయినా నమ్మకం చాలక, మొదటి మీటింగుకు తనూ వెంట వచ్చి గడప అవతల కూర్చుంది.

ఆ రోజు సుకన్య వచ్చింది. వాడలోని పదకొండు మంది ఆడపిల్లలకు కబడ్డీ నేర్పే టీచర్. సాయంత్రాలు గ్రౌండు మగపిల్లలదే.

"పొద్దుగాల అయిదింటికి గేటు తీయిస్తే చాలు సార్. నెల రోజులల్ల జిల్లా సెలెక్షన్స్ ఉన్నయి. పిల్లలకు ఇంకో జాగ లేదు."

ప్రెసిడెంట్ వెంకట్రాజం కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "మంచిదేనమ్మా. కనీ కమిటీ మనిషి లేకుంట గేటు తీయొద్దని రూలున్నది. ఎవలొస్తరు?"

అందరూ క్యాలెండర్ చూశారు. కొమురెల్లి తన చేతుల కేసి చూసుకున్నాడు. దవడ కదిలింది, ఆగింది. పెదవులు బిగపట్టి, తప్పు చేసిన పిల్లవాడిలా గడప వైపు తిరిగాడు. సుకన్య బ్యాగు సర్దుకోసాగింది.

ముప్పై ఐదేళ్ల కాపురంలో అతను అలా నోరు మూసుకుని కూర్చోవడం లక్ష్మీనర్సమ్మ ఎన్నడూ చూడలేదు. చూడలేకపోయింది.

"నేనొస్త," అంది.

"నువ్వు మెంబరువు గావు గదా వదినా," అన్నాడు వెంకట్రాజం.

"అయితే మెంబరుగ రాసుకోర్రి."

"గట్లంటే కమిటీల ఎవలన్న ముందుగాల చెప్పాలె గద," అన్నాడతను.

కమిటీ సభ్యుడు రాంప్రసాద్ దగ్గాడు. "రాసుకుందాం తియ్యి."

"మంచిది, దరఖాస్తు నువ్వే రాయి," అన్నాడు ప్రెసిడెంట్.

అందరూ నవ్వారు. కొమురెల్లి మాత్రం కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

మర్నాడు అయిదు కొట్టకముందే ఆమె వెనకే అతనూ బయలుదేరాడు.

"నువ్వెందుకయ్యా?"

"డాక్టర్ నడువమన్నడు. నేను నడుత్తాన. నీ ఎంబడి వత్తలేను."

సెలెక్షన్స్ అయిపోయినా పొద్దుటి ఆటా, ఆ నడకా రెండేళ్లు సాగాయి. ఒక వానాకాలం అతను నిద్రలోనే పోయాడు.

పదకొండు రోజులు గేటు తాళం రాంప్రసాద్ తీశాడు. పన్నెండో రోజు పొద్దున లక్ష్మీనర్సమ్మే వచ్చి తీసి, గట్టు మీద కూర్చుంది. ఆమెను చూసి పిల్లలు గొంతులు తగ్గించేశారు. మానస అనే పిల్ల అవతలి జట్టు మీదికి వెళుతూ 'కబడ్డీ, కబడ్డీ' అని పెదవులు మాత్రమే కదిలించింది.

"ఏందే మానసా, కూత ఇనబడుతలేదు," అంది లక్ష్మీనర్సమ్మ. "కూత లేకుంటే అవుటే. మళ్ల పో."