ముల్లు తీయని మాట

నల్లకోటు కొత్తగా తొడుక్కున్న ఆ రోజుల్లో, ఏ ఇద్దరి మధ్య తగాదా అయినా నా చేతికొస్తే అరగంటలో తేలిపోతుందని నాకు గట్టి నమ్మకం ఉండేది. (మా ఇంట్లో టీవీ రిమోట్ తగాదా మాత్రం ఇప్పటికీ తేలలేదు, అది వేరే సంగతి.) ఏడెనిమిదేళ్ల కిందటి మాట. గవర్నర్‌పేటలో ఒక సీనియరు గారి దగ్గర ఫైళ్లు మోస్తూ, కుటుంబ తగాదాల్లో మధ్యవర్తిత్వం నేర్పే శిక్షణ ఒకటి ఉందని తెలిసి ఎగిరి గంతేసి చేరాను. కోర్టులో నోరు పెంచడం నేర్చుకుంటున్న దాన్ని, ఇక్కడ నోరు మూసుకోవడం నేర్పుతారని నాకేం తెలుసు?

మాకు పాఠం చెప్పిన ఆవిడను చాటుగా మౌనం మేడం అనేవాళ్లం. సలహా ఇవ్వకూడదు, ఎవరి పక్షమూ పట్టకూడదు అని రోజుకు పదిసార్లు చెప్పేవారు. అసలైనది మూడోది. అవతలివాళ్లు కోపంలో అన్న మాటలోంచి ముల్లు తీసేసి, మెత్తగా తిరిగి వాళ్లకే వినిపించాలి. 'మా అత్త రాక్షసి' అని ఒకావిడ అంటే, 'మీకు ఇంట్లో కాస్త ఆదరణ కావాలనిపిస్తోంది' అని మనం అనాలి. ఇది నాకు తెగ నచ్చింది. ఆ సాయంత్రమే భవానీపురంలో మా ఇంట్లో మొదలుపెట్టాను. కాఫీ చల్లారిపోయిందని నాన్న విసుక్కోగానే, "అంటే నాన్నా, వేడి కాఫీ అందలేదని నీకు బాధగా ఉందన్నమాట" అన్నాను. నాన్న పేపరు దించి, "వెక్కిరిస్తున్నావా?" అన్నారు. (పెద్దవాళ్ల మాటను తిరిగి వాళ్లకే అప్పజెబితే మన వైపు ఏమంటారో ఆ శిక్షణ పుస్తకం రాసినవాళ్లకు తెలియదు పాపం.)

శిక్షణ చివర, మేడంగారు వెనకాల కూర్చుని చూస్తుండగా ఒక నిజమైన జంటతో మాట్లాడాలి. అది గట్టెక్కితేనే సర్టిఫికెట్టు. నా వంతుకు పామర్రు వైపు దంపతులు వచ్చారు. (లోపలి మాట బయటపెట్టకూడదన్నది మా మొదటి నియమం కనుక పేర్లు అడగకండి, ఊరు కూడా పామర్రే అని నమ్మకండి.) ఇద్దరూ కలిసి విత్తనాల కొట్టు నడిపేవారు. ఒకరోజు కొట్టు నిండా రైతులుండగా ఆవిడ ఏదో వరి రకం గురించి చెబుతుంటే, ఆయన మధ్యలో అడ్డొచ్చి "నీకేం తెలుసు, నువ్వూరుకో" అన్నాడు. ఆవిడ ఊరుకుంది. కొట్టు తాళాలు బల్ల మీద పెట్టి పుట్టింటికి వెళ్లిపోయి, రెండు నెలలుగా ఊరుకునే ఉంది. ఇక విడాకుల కాగితాలే తరువాయి అనగా, ఆఖరి ప్రయత్నంగా పెద్దలు ఇక్కడికి పంపారు. అంతదాకా నా సర్టిఫికెట్టు గురించే బెంగపడ్డాను గాని, ఆ ఇద్దరి కాపురం నా నోటి మీద ఆధారపడి ఉందని ఎదురుగా కూర్చున్నాక గాని తట్టలేదు.

ఆవిడ జరిగిందంతా చెప్పి, "పదహారేళ్లండీ. అందరి ముందూ అంత మాటన్నారు" అంది. ఇప్పుడు ముల్లు తీయడం నా పని. 'మీకు గౌరవం దక్కలేదనిపించింది' అన్న వాక్యం బస్సులో వస్తూ బట్టీపట్టాను కూడా. తీరా నోరు తెరిస్తే అది ఎటుపోయిందో పోయింది.

"అంటే... మీకేమీ తెలియదు. అంతేనాండీ?" అనేశాను.

వెనకాల మేడంగారి పెన్ను కిందపడిన చప్పుడు వినిపించింది. ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"మా ఆవిడకేమీ తెలీదని మీకెవరు చెప్పారండీ?"

మీరేనండీ అనబోయి ఆగిపోయాను. శిక్షణ మొత్తంలో నేను సరిగ్గా పాటించిన మౌనం అదొక్కటే. ఆయన ఇక ఆగలేదు. ఏ రకం ఎన్నాళ్లకు కోతకొస్తుందో, ఏది గాలికి పడిపోతుందో, నీళ్లు నిలిచే చేలో ఏది తట్టుకుంటుందో ఆవిడకు తెలిసినట్టు ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదట. రైతులు కొట్లోకొచ్చి, ఆయన్ను దాటుకుని వెళ్లి ఆవిణ్ణే అడుగుతారట. ఈ రెండు నెలలూ గుమ్మం దాకా వచ్చి, అమ్మగారు లేరా అని వెనక్కి పోతున్నారట. చెబుతూ చెబుతూ ఆయన గొంతు తగ్గిపోయింది. "నన్నెవరూ అడగరు. ఆ కుళ్లుతోనే ఆ రోజు నోరు జారాను" అన్నాడు, నాతో కాదు, ఆవిడతో.

ఆవిడ ఆయన వైపు తిరిగింది. "ఈ మాట ఒక్కసారన్నా నాతో అన్నారా?" అని అడిగింది. ఆయన లేదని తలూపాడు. మాట్లాడుకోవలసినవి ఇంకా ఉన్నాయి గనక మేడంగారు తామే అందుకుని, మరో రెండుసార్లు రమ్మన్నారు. వచ్చేసారికి ఇద్దరూ ఒకే బండి మీద వచ్చారు. కిటికీలోంచి అది చూసి నేను 'అమ్మయ్య' అన్న తీరుకు మౌనం మేడం కూడా నవ్వేశారు. నా కాగితం మీద మాత్రం 'మాటలో మెత్తదనం: లేదు' అని రాసి, ఇంకో జంటతో కూర్చోబెట్టాకే సర్టిఫికెట్టు ఇచ్చారు.

ఆ దంపతులు వచ్చిన ఆఖరి రోజు, వెళ్తూ వెళ్తూ ఆవిడ గుమ్మం దగ్గర ఆగి, "ఏమీ అనుకోకండి, మీరింకా చాలా నేర్చుకోవాలండీ" అంది. ఆయన చెప్పులు తొడుక్కుంటూ, "ఆవిడ చెప్పిందంటే అయ్యుంటుందండీ" అన్నాడు.

ఇప్పుడు కొత్తవాళ్లకు ముల్లు తీయడం నేనే నేర్పుతున్నాను. మెత్తని మాటలు తడుముకోకుండా వస్తాయి. వాటికి ఎవరూ నొచ్చుకోరు, ఎవరూ కుర్చీ ముందుకు లాక్కోరు కూడా. అప్పుడప్పుడు, బట్టీపట్టిన వాక్యం మరిచిపోయి ఆ మాట అనేసిన పిల్ల గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను. ఆ పిల్లకేమీ తెలియదని ఎవరైనా అంటే మాత్రం ఊరుకోను.