ఆయ్ అనని పిల్ల

ముసలావిడ సీటు ఒక్క చేతి విసురుతో కొట్టేసిన ఘనత నాది. అమలాపురంలో రాజోలు బస్సెక్కేసరికి మిగిలింది ఒక్కటే సీటు, దాని మీద ఎవరిదో రుమాలు. రోజంతా బేరాలాడి కాళ్లు పీకుతున్నాయి. రుమాలు కిందికి తోసి కూర్చున్నాను.

కాసేపటికి ఆవిడ వచ్చింది. "బాబూ, ఇక్కడ నా రుమాలు వేసేనండీ."

"సీటు ఖాళీగానే ఉందండి," అన్నాను. సాక్ష్యానికి పక్క వరసలో తల్లితో కూర్చున్న స్కూలు యూనిఫాం పిల్లని అడిగాను. "కదమ్మా?"

పద్నాలుగేళ్లుంటాయేమో. పెద్దవాళ్లు ఏం అడిగినా మా వైపు పిల్లలు "ఆయ్" అంటారు, అంటే అవునండి అని. తూకం సరిపోయిందా అన్నా అంతే. మా నాన్న కొట్టు సగం ఆ మాట మీదే నడిచింది.

తల్లి మోచేత్తో పొడిచింది. "ఆయ్ అనెయ్యవే, మనకెందుకు!"

పిల్ల తల దించుకుంది. గెలిచాననుకున్నాను.

"కాదండీ బాబాయ్ గారూ," అంది. "మీరే కిందికి తోసేరండి. నేను చూసేను."

"లెగండి బాబాయ్ గారూ, లెగండి!" వెనక నుంచి ఎవరో నవ్వేరు. లేచాను.

పిల్ల వంగి రుమాలు తీసి, దులిపి, ఆవిడకిచ్చింది. తల్లి ఆ పిల్ల చెయ్యి గట్టిగా గిల్లింది. "పెద్దోళ్లకి ఎదురు చెప్తావా? ఇంటికి పద, నీ పని చెప్తాను."

రాజోలు దాకా నిలబడ్డాను. నిజం లెక్క చెప్పాలంటే, నాకు పోయింది కాస్త కాళ్ల నొప్పే. గిల్లుడూ తిట్లూ ఆ పిల్లకి పడ్డాయి. తప్పు నాదేనని ఆ తల్లితో చెప్పడానికి దారంతా ఉంది. చెప్పలేదు.