లేచిపోని జాతి

మదనపల్లె మిషన్ ఆసుపత్రి తోటమాలి జయరత్నానికి తేనెటీగల దగ్గర ఒక పట్టింపు ఉండేది. ఎండాకాలంలో పెట్టె వదిలి లేచిపోయిన ఈగల సంతానం తన దగ్గర ఉండకూడదు. ఏదైనా గుంపు లేచిపోయిందా, దాని రాణి కూతురు ఏ పెట్టెలో రాణిగా ఉందో వెతికి పట్టుకుని వేళ్ళ మధ్య నలిపేసేవాడు. అది ఎంత తేనె ఇచ్చేదైనా సరే, జాలీ గీలీ ఏమీ లేదు.

పుంగనూరు కొండల నుంచి తెచ్చిన ఈగలు సాధువులే, కుట్టవు. కానీ ఏప్రిల్ ఎండకు ఒక్కటీ నిలిచేది కాదు. నిలబడే రాణి ఒక్కటి దొరికితే దాని పిల్లలతోనే పెట్టెలన్నీ నింపాలని ఆయన ఆశ. పందొమ్మిదివందల నలభై నాలుగు ఎండలకు ఉన్న పెట్టెలన్నీ ఖాళీ అయ్యాయి. వానలు వెలిశాక మళ్ళీ కొండ ఈగల్నే తెచ్చి నింపుకున్నాడు.

ఆ చలికాలమే కొడుకు ప్రేమానందం, అదే ఆసుపత్రిలో కాంపౌండరు, నర్సు ఎలిజబెత్‌ను చేసుకుంటానన్నాడు. పిల్ల బంగారం. చిక్కల్లా తల్లితోనే. ఆ కృపమ్మ ఒకప్పుడు అక్కడే ఆయాగా పనిచేసి, తాగుబోతు మొగుణ్ణి వదిలి, చింతపండు వ్యాపారి గంగప్పతో కుప్పం వెళ్ళిపోయింది. ఊరంతా ఆమె లేచిపోయిందనే అంది. జయరత్నం ఈగలకు వాడే మాటా అదే కదా! ఇంకేముంది, ఆయన లెక్క తేలిపోయింది.

"తల్లి లేచిపోయినాక బిడ్డను నమ్మేదెట్లరా?" అన్నాడు.

పిల్ల ఈగ కాదు నాయనా అని ప్రేమానందం మొత్తుకున్నాడు. వింటేగా! ఎలిజబెత్ మాత్రం బతిమాలలేదు. సోమవారం లోపల పెద్దాయన సరే అనకపోతే కోలారు ఆసుపత్రిలో పనికి వెళ్ళిపోతానని చెప్పేసింది.

సరిగ్గా ఆ వారమే, వైద్యానికొచ్చిన గుడుపల్లె రైతు మునెప్ప ఒక కబురు చెప్పాడు. కుప్పంలో ఒక ఇంటి మట్టిగోడలో ఈగలు ఏళ్ళ తరబడి కదలకుండా ఉన్నాయట, ఇప్పుడు గుంపు చీలేటట్టుందట. చీలే ముందే కొత్త రాణుల గూళ్ళు కడతాయి, అవి చేతికి చిక్కాలంటే వెంటనే పోవాలి. కొడుకు మాట పక్కనపెట్టి జయరత్నం, యుద్ధకాలపు పెట్రోలు కరువులో బొగ్గు మీద నడిచే బస్సు ఎక్కాడు.

తలుపు తీసింది కృపమ్మ.

వెనక్కి తిరిగేవాడే గానీ, గోడలో ఈగల రొద వినిపించింది. ఈగల కోసం వచ్చానంటే, ఆమె మంచినీళ్ళిచ్చి, పిడక అంటించి పొగ పట్టింది. మట్టి ఇటుక తీసి చూస్తే తేనెపట్టు అంచున వేరుశనక్కాయల్లా రాణిగూళ్ళు వేలాడుతున్నాయి. ఇవి ఎప్పటినుంచి ఉన్నాయని అడిగాడు.

"మేం ఈడికొచ్చిన ఏడే వచ్చినాయన్నా. యాడో లేచిపోయినవే గదా ఇవీ. ఆడ బతకలేక వచ్చింటాయి. ఈడ కుదురుకున్నాయి" అంది, పొగ ఊదుతూనే.

జయరత్నం కత్తి ఆగిపోయింది. ఒకనాడు మొగుడి దెబ్బలకు పగిలిన తలతో ఇదే కృపమ్మ ఆసుపత్రి మెట్లెక్కడం ఆయన కళ్ళారా చూశాడు. చూసి, పాదులు చేసుకుంటూ ఉండిపోయాడు. సిగ్గుతో చచ్చిపోయాడు మనిషి. పిల్లను కొడుక్కిమ్మని అడగబోయి, గూడొకటి కోసుకుంటానని మాత్రం అన్నాడు. గూడున్న పట్టు ముక్క కోసుకుని, తడి అరిటాకులో చుట్టి, చలి తగలకుండా చొక్కాలో పెట్టుకుని బయటపడ్డాడు.

పుంగనూరులో బస్సు మొరాయించింది. ఇల్లు చేరేసరికి సోమవారం మధ్యాహ్నం దాటింది. ప్రేమానందం అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"పొద్దున బస్సుకే పోయింది నాయనా."

జయరత్నం పొట్లం విప్పి రాణిగూడును అరుగు మీద పెట్టాడు. "కోలారుకు ఇంకో బస్సుండాదా?"

"ఇప్పుడే బయల్దేరతాంది. ఈ గూడు పెట్టెలో పెట్టకపోతే రాణి చచ్చిపోతాది గదా నాయనా!"

"చస్తే చావనీ. తల్లిని అడిగేదానికి నోరు రాలా. బిడ్డనన్నా అడగాల, పద."