ఎడమ చెవికి వేరే శ్రుతి

బల్కంపేట బోనాలు అయిన మర్నాడు పొద్దున లేచేసరికి నా ఎడమ చెవిలో ఎవరో దూది కుక్కినట్టుంది. తలకి పోసుకున్నప్పుడు నీళ్ళు పోయుంటాయనుకుని, తల ఒక పక్కకి వంచి ఒంటికాలి మీద గెంతాను. నా వయసుకీ నా ఒంటికీ ఆ గెంతడం ఎలా ఉందో మా వారు వర్ణించారు, అది ఇక్కడ రాయను. నీళ్ళు రాలేదు, చెవీ తెరుచుకోలేదు.

అమీర్‌పేటలో మాకు లేడీస్ హాస్టల్ ఉంది. సాఫ్ట్‌వేర్ కోర్సులకి వచ్చే ఆడపిల్లలు ఉంటారు. పొద్దున లేస్తే గీజర్ పనిచెయ్యట్లేదని ఒకరు, చట్నీ అయిపోయిందని ఇంకొకరు. ఆ గోలలో చెవి గురించి ఎవరు ఆలోచిస్తారు? ముందురోజు గుడి దగ్గర డప్పుల పక్కనే నిలబడ్డాను కాబట్టి ఆ హోరుకి దిమ్మెక్కి ఉంటుందని నేనే తేల్చేశాను. మెడికల్ షాపతను గులిమి అన్నాడు, చుక్కల మందు ఇచ్చాడు. పని చిటికెలో తేలిపోయిందని సంబరపడుతూ ఇంటికొచ్చి చుక్కలు వేసుకున్నాను.

డప్పుల పక్కన నిలబడింది మా గ్రూపు కోసం పాట రికార్డు చెయ్యడానికి. జానపద పాటలంటే ఇష్టమున్నవాళ్ళం ఫోన్లో ఒక గ్రూపుగా ఉన్నాం. నేను గుంటూరు వైపు నుంచి వచ్చినదాన్ని, మిగతావాళ్ళలో ఎక్కువమంది తెలంగాణ వాళ్ళు. బోరబండలో ఉండే స్వరూప అనే టీచరు దాన్ని నడుపుతుంది. ఒకరు ఒక చరణం పాడి వాయిస్ మెసేజ్ పెడతారు. తర్వాతి చరణాన్ని ఇంకొకరు అందుకుంటారు, తమ ఊళ్ళో పాడుకునే మాటలతో, తమ వరసలో. ఎవరూ ఎవరినీ తప్పు అనకూడదు. "మా దగ్గర ఇట్ల పాడుతరు" అని తమది పాడి వినిపించాలి, అంతే.

ఈ పద్ధతి నాకు అంత తేలిగ్గా ఒంటబట్టలేదు. చేరిన కొత్తలో ఒకావిడ నాట్ల పాట పాడితే, ఇది ఇలా కాదు, మా అమ్మ వేరేగా పాడేదని ఠక్కున అనేశాను. స్వరూప కోప్పడకుండా, అయితే మీ అమ్మ పాడినట్టే పాడమంది. పాడాను. రెండూ ఉంచారు. నోరు మూసుకుని ఇంకొకరి పాట చివరిదాకా వినడం నాకు ఆ గ్రూపులోనే వచ్చింది. అంతకుముందు ఎవరైనా మాట మొదలుపెడితే నేను పూర్తి చేసేదాన్ని.

గ్రూపులో నా పని, అందరి చరణాలూ తీసుకుని ఒక యాప్‌లో అతికించి ఒక పాటగా చెయ్యడం. చిన్నగా వినిపించే గొంతుని కాస్త పెంచుతాను, ఫ్యాను చప్పుడు తగ్గిస్తాను. కుదురుగా ఒకచోట కూర్చోలేని నేను ఈ పనికి మాత్రం పూట పూటంతా కూర్చుంటాను. నాకు మంచి చెవి ఉందని అందరూ అంటారు. ఆ మాటకి నేను లోలోపల పొంగిపోయేదాన్ని.

ఆ వారం బోనాల పాట అతికించాను. ఇయర్‌ఫోన్లలో ఎడమవైపు బాగా తక్కువగా వినిపిస్తోంది. బోనాల రద్దీలో రికార్డు చేస్తే ఇంతేలే అనుకుని ఎడమవైపు సౌండు పెంచుకుంటూ పోయి, చివరికి సరిపోయిందనిపించాక గ్రూపులో పెట్టాను. కాసేపటికి స్వరూప ఫోన్ చేసింది.

"అక్కా, ఎడమ దిక్కు మస్తు గట్టిగ వస్తున్నది. అందరు గదే అంటున్నరు."

మీ అందరి ఫోన్లూ పాడైపోయాయేమో చూసుకోండి అన్నాను. ఆమె నవ్వింది. "జర ఇయర్‌ఫోన్లు అటుదిటు మార్చి పెట్టుకోని ఇను" అంది.

మార్చి పెట్టుకున్నాను. ఎడమదాన్ని కుడిచెవిలో పెట్టగానే గూబ గుయ్యిమంది. కుడిదాన్ని ఎడమచెవిలో పెడితే పాట ఎక్కడో దూరంగా ఉంది. ఇయర్‌ఫోన్లు బాగానే ఉన్నాయి. పాడైంది నా ఎడమచెవి. అప్పటికి చుక్కలు వేసుకుంటూ వారం దాటబెట్టాను.

ఆ సాయంత్రమే మా వారు నన్ను పంజాగుట్టలో ఒక ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఉన్నది ఒక్క మెట్రో స్టేషను దూరం. మెట్రో కోసం నిలబడే ఓపిక లేక ఆటో ఎక్కించాను, చౌరస్తాలో ట్రాఫిక్‌లో ఇరుక్కుని నన్ను నేనే తిట్టుకున్నాను. డాక్టరమ్మ ట్యూనింగ్ ఫోర్క్ మోగించి నుదుటి మీద పెట్టి, ఏ వైపు వినపడుతోందని అడిగింది. కుడివైపు అన్నాను. ఆమె ఇంకేం అడగకుండా ఆడియోగ్రామ్‌కి పంపింది. చిన్న గదిలో తలుపు బిగించి, చెవులకి హెడ్‌ఫోన్ పెట్టి, చప్పుడు వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. నేను ఆగకుండా నొక్కాను. టెక్నీషియన్ తలుపు తీసి, వినపడితేనే నొక్కండమ్మా అన్నాడు. వినపడుతూనే ఉంది మరి. అది నా చెవిలో మోగుతున్న హోరని అప్పటిదాకా నాకు తెలియలేదు.

రిపోర్టు చూసి డాక్టరమ్మ అన్న మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి. "ఇది గులిమి కాదమ్మా. సడన్ సెన్సోరిన్యూరల్ హియరింగ్ లాస్, అంటే లోపలి చెవో నరమో దెబ్బతిని ఉన్నట్టుండి వినికిడి పడిపోవడం. మాకిది ఎమర్జెన్సీ. మొదటిరోజే వచ్చుంటే బాగుండేది."

డప్పుల వల్లనా అని అడిగాను. అలా చెప్పలేమని, చాలామందిలో కారణమే దొరకదని అంది. తిరిగొస్తుందా అంటే, కొందరికి మొత్తం వస్తుంది, కొందరికి కొంత వస్తుంది, కొందరికి రాదు అంది. నాకు ఇలాంటి జవాబులు పడవు. అవునో కాదో చెప్పమని మళ్ళీ అడిగాను. ఆమె మళ్ళీ అదే చెప్పింది.

నరం మీద గడ్డ ఏమైనా ఉందేమోనని ఎమ్మారై తీయించారు. గడ్డ లేదు. స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టారు. నాకు అసలే షుగరు, మాత్రలతో అది ఆకాశాన్నంటింది. ఇన్సులిన్ వెయ్యాల్సి వచ్చింది. నిద్ర పట్టేది కాదు. ఒళ్ళంతా ఒకటే తహతహ. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తెలిసేది కాదు. హాస్టల్ వంటింట్లో డబ్బాలన్నీ దించి కడిగాను, మర్నాడు మళ్ళీ దించాను. వంటమనిషితో ఉప్పు గురించి గొడవపడ్డాను. మా హాస్టల్ పిల్లలు నన్ను చూస్తే చెప్పులు చేత పట్టుకుని మెట్లెక్కేవారు. అది స్టెరాయిడ్స్ వల్లే అని డాక్టరమ్మ అంది. మా వారు, అందులో స్టెరాయిడ్స్ వాటా ఎంతో తేల్చి చెప్పమన్నారు.

మాత్రలు అయ్యాక మళ్ళీ ఆడియోగ్రామ్ తీస్తే రిపోర్టులో గీత ఉన్నచోటు నుంచి కదల్లేదు. ఆ రోజు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. తర్వాత కర్ణభేరిలోంచి లోపలికి విడతలుగా స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. ఇచ్చాక చెవి పైకి పెట్టి అరగంట కదలకుండా పడుకోవాలి, మాట్లాడకూడదు. ఇంజెక్షన్ నొప్పి కంటే మాట్లాడకూడదన్నదే నాకు ఎక్కువ శిక్ష. ఒకసారి లేవగానే గది గిర్రున తిరిగి వాంతయింది. అయినా మిగిలినవి కూడా చేయించుకున్నాను.

ఒకరోజు వంటింట్లో కుక్కర్ విజిల్ నా ఎడమచెవికి వినపడింది. మా వారిని కేకేశాను. అయితే విజిల్ ఒకటి కాదు, రెండు వినపడ్డాయి. ఒకటి మామూలుగా, రెండోది దానికంటే కాస్త కిందికి జారి. పట్టించుకోలేదు, అంత సంతోషంలో ఉన్నాను.

వెంటనే గ్రూపు తెరిచాను. నీరజ అని కొత్తగా చేరిన అమ్మాయి ఉయ్యాల పాటలో ఒక చరణం పెట్టింది. వింటుంటే నాకు చీదర పుట్టింది, అంత శ్రుతి తప్పి ఉంది. ఆగలేకపోయాను. "శ్రుతి మొత్తం తప్పింది, ఇది అతకడానికి పనికిరాదు" అని అందరిముందూ రాసేశాను. ఆ పిల్ల వెంటనే తన చరణం తీసేసింది. తర్వాత స్వరూప పాడింది విన్నాను. అదీ తప్పే. నేను ఎన్నోసార్లు విన్న పాత పాటలు పెట్టుకున్నాను. అన్నీ తప్పే, ప్రతి గొంతూ ఇద్దరు పాడుతున్నట్టుంది.

డాక్టరమ్మ దానికి డిప్లాక్యూసిస్ అని పేరు చెప్పింది. ఒకే స్వరాన్ని నా రెండు చెవులూ రెండు రకాలుగా వింటున్నాయట. తగ్గకపోతే ఎలాగని అడిగాను. "తగ్గొచ్చు. తగ్గకపోతే మెదడు అలవాటు పడుతుంది. అలాగని ఎడమచెవిని ఎప్పుడూ మూసి పెట్టకండి, దానికీ శబ్దం కావాలి" అంది.

ఇంటికొచ్చి గ్రూపులోంచి బయటికి వచ్చేశాను. పాట పాటలా వినపడని మనిషికి పాటల గ్రూపు ఎందుకు? ఆ పిల్లకి మొహం చూపించలేకపోవడం ఒకటి. అసలు భయం వేరే. ఇక నా జన్మకి ఏ పాటా సరిగ్గా వినలేనేమో, నా గొంతు సరిగ్గా ఉందో లేదో కూడా నాకు తెలియదేమోనని భయం.

రెండు రోజులకి స్వరూప షేర్ ఆటోలో బోరబండ నుంచి మా హాస్టల్‌కి వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ మేం ఎదురుపడలేదు. టీ తాగుతూ నా చెవి సంగతంతా నింపాదిగా విన్నది. గ్రూపులో ఇక నా వల్ల కాదన్నాను. అప్పుడు ఆమె అన్నది ఇది.

"అక్కా, మన దగ్గర తప్పు అని ఎవరినీ అనం గద. మరి నీ చెవినెందుకు అంటున్నవ్? గా కుడిచెవి ఒక ఊరిది, ఎడమచెవి ఒక ఊరిది అనుకో. కొన్ని దినాలు రెండూ ఇను."

నాకు కోపం వచ్చింది. ఇది మాటలతో పోయే రోగం కాదన్నాను. ఆమె ఒప్పుకుంది. రోగం డాక్టర్ చూసుకుంటది, ఆదివారం నువ్వు రా, నీరజ గూడ నీ కోసం అడుగుతున్నది అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున గ్రూపంతా వీడియోలో కలుస్తాం. నీరజకి ముందు నా చెవి సంగతి చెప్పి, పొరపాటు నాదేనన్నాను. ఆ పిల్ల ఫర్వాలేదాంటీ అంది గానీ నా మొహం చూడలేదు. స్వరూప నన్నే పాట ఎత్తుకోమంది. నా శ్రుతి నాకే తెలియట్లేదంటే, "ఎత్తుకున్నోళ్ళు ఎక్కడ ఎత్తుకుంటే గదే శ్రుతి. మేం అందుకుంటం" అంది.

ఎత్తుకున్నాను. నా గొంతు నాకే ఇద్దరిదిగా వినపడుతోంది. ఎక్కడ ఉన్నానో తెలియదు, ఆపేసి లేచి పారిపోవాలని ఉంది. చరణం పూర్తిచేసి ఆగాను. ఎవరు అందుకుంటారో చూస్తుంటే నీరజ అందుకుంది. వేలితో ఎడమచెవి గట్టిగా మూసుకుని కుడిచెవితో విన్నాను. నేను ఎత్తుకున్న చోటే, వెంట్రుకవాసి కూడా జరక్కుండా, ఆ పిల్ల పాడుతోంది. ఏడుస్తూ విన్నాను. కెమెరా ఆపడం కూడా తోచలేదు.

ఇప్పుడు నా ఎడమచెవికి సగం పైన వినపడుతోంది. హోరు పోలేదు. కింది స్వరాలు రెండు చెవుల్లోనూ కలుస్తున్నాయి, పై స్వరాలు ఇంకా విడిపోతూనే ఉన్నాయి. పాటలు అతికించే పని నీరజ చేస్తోంది, నేను పక్కన చేరి సలహాలిచ్చి విసిగిస్తాను. షుగరు మళ్ళీ మాత్రలతోనే అదుపులోకి వచ్చింది. కుదురు మాత్రం రాలేదు. ఇది రాస్తూ ఎన్నిసార్లు లేచానో మా వారినడగండి.

నేను చెప్పేది ఒక్కటే. ఉన్నట్టుండి ఒక చెవి మూసుకుపోతే ఇంట్లో చుక్కలు వేసుకుంటూ కూర్చోకండి. ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్ళి ఆడియోగ్రామ్ తీయించమని అడగండి. గులిమే అయితే నవ్వుకుంటూ ఇంటికొస్తారు, పోయేదేముంది?