మూడు తుపాకుల మోటారుసైకిలు

ఏ ఇంజను దగ్గరికి పోయినా గురుస్వామి ముందు చేసే పని ఒకటే. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇనుముకు ఆనించి, కొయ్యపిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకునేవాడు. నంద్యాల శెనక్కాయల మిల్లులో ముప్పై ఏళ్లు ఆయిలింజన్లను అట్లాగే విన్నాడు.

1957లో ఆ చెవికి ఏమీ వినిపించని బండి ఒకటి వచ్చింది. కాలువ పనులు చూసిన తెల్లదొర ఒకాయన దేశం వదిలిపోతూ గోదాములో పడేసిన బి.ఎస్.ఎ. మోటారుసైకిలు. 1926 నాటిది. గేరు చేత్తో వేయాలి. సీటు కింద ఎలుకల గూడు. ఆళ్లగడ్డ పెద్దరైతు శేషయ్య దాన్ని కొని నంద్యాలలో గురుస్వామి దగ్గరికి చేర్చాడు. పాత గడియారాలు, గ్రామఫోనులు, ఎవరింట్లో ఏది మూలపడినా తెచ్చుకునే మనిషి ఆయన.

"బెంగళూరులో తిమ్మయ్య అని ఒకాయన ఇట్లాంటి బండ్లే పోగేస్తాండాడు," అన్నాడు శేషయ్య. "ఇది నడిచేది లేదు, విడి సామాన్లకైతే కొంటానని జాబు రాసినాడు. నువ్వేమంటావ్?"

"నడుస్తాది."

"ఆయిలింజన్ల మనిషివి నువ్వు."

"ఇదీ ఇనుమే కదప్పా."

శేషయ్య నవ్వలేదు. "అయితే వచ్చే ఏడు దసరాకు ఆళ్లగడ్డకు నడుపుకోని రా. ఆయన్నీ పిలుస్తా. ఆయన ముందర, నా వాకిట్లో, పూజ అయినాక బండి తన్ని మోగించల్ల. మోగితే నాకాడుంటాది. లేదంటే విప్పి ఆయన లారీకెక్కిస్తా."

మిల్లు లేని రోజులన్నీ ఆ బండికే పోయాయి. డోన్‌లో పాత ఇనుము అంగళ్లు తిరిగి గొలుసు తెచ్చాడు. మిల్లులో పగిలిన సిలిండరు ముక్కను ఆకురాయితో అరగదీసి పిస్టనుకు రింగులు చేశాడు. నాలుగు విరిగాయి. అయిదోది కూర్చుంది.

ట్యాంకు లోపలి తుప్పు వదలడానికి చింతపండు పులుసు, గులకరాళ్లు పోసి మూత బిగించాడు. భార్య మణెమ్మ దాన్ని చీర ఉయ్యాలలో వేసి మూడు రోజులు ఊపింది. పక్కింటి వెంకటమ్మ గోడ మీదుగా చూసింది.

"బిడ్డది ఎవరి పోలికమ్మే?"

"దొర పోలిక," అంది మణెమ్మ, ఊపుతూనే.

ట్యాంకు మీద మూడు తుపాకులు నిలబెట్టిన కంపెనీ గుర్తు ఉండేది. రంగు రాలి గీతలు మిగిలాయి. అంగళ్లకు బోర్డులు రాసే కృపావరం కుంచె పట్టుకుని వెనకాడాడు.

"నేను ఇంగ్లీషు తుపాకులు చూళ్లేదన్నా."

"చూడబళ్లేదు. గీత యాడిదాకా ఉంటే ఆడిదాకా పో."

మరుసటి ఏడు దసరా పొద్దున గురుస్వామి బండెక్కాడు. ఇరవై అయిదు మైళ్లు. శిరివెళ్ల దగ్గర ఎద్దులు బెదిరి చేలో పడ్డాయి. బండి ఆగలేదు. ఆళ్లగడ్డలో శేషయ్య వాకిట్లోకి చేరాక గురుస్వామే ఆపాడు. అరుగు మీద తిమ్మయ్య కూర్చుని ఉన్నాడు. వీధిలో ఆయన లారీ ఉంది.

శేషయ్య తల్లి రామేశ్వరమ్మ హారతి పళ్లెంతో వచ్చింది. ట్యాంకుకు పసుపు, కుంకుమ పెట్టింది. టెంకాయ కొట్టి, రెండు చిప్పల నీళ్లూ ఇంజను మీద పోసింది. గురుస్వామి చేతులు కట్టుకుని చూశాడు. ముప్పై దసరాలు మిల్లు ఇంజన్ల మీద అట్లాగే పోశారు. ఏ ఇంజనూ ఏమీ అనలేదు.

"ఇంక మోగించు," అన్నాడు శేషయ్య.

గురుస్వామి కిక్కు తన్నాడు. మోగలేదు. పదిసార్లు తన్నాడు. వాకిలి నిండా జనం. ఎవరో దగ్గారు.

తిమ్మయ్య నిదానంగా లేచాడు. "వచ్చింది గదా, అదే గొప్ప. స్పానర్లు తెమ్మంటారా?"

అప్పుడు అర్థమైంది గురుస్వామికి. ఆయిలింజనుకు నిప్పురవ్వ అక్కర్లేదు. దీనికి కావాలి. రవ్వ పుట్టించే మాగ్నెటోలోకి టెంకాయ నీళ్లు దిగాయి. ఆ తప్పు ముసలామెది కాదు. పక్కన నిలబడి చూసిన తనది.

"స్పానర్లు నాకాడుండాయి," అన్నాడు. "అమ్మా, రొట్టెల పెనం కొంచెం ఎచ్చగ చేసి దించండి. చెయ్యి తాళేంత ఉంటే చాలు."

"ఏందీ, దీనికి రొట్టె కాలుస్తావా?" అంది రామేశ్వరమ్మ. అన్నదే గాని వెంటనే తెచ్చింది.

మాగ్నెటోను విప్పాడు. గుడ్డతో తుడిచి, పెనం మీద పెట్టి, అరచేత్తో వేడి చూస్తూ తిప్పాడు. తేమ పోయేదాకా తల ఎత్తలేదు. మళ్లీ బిగించాడు. ఒక్క తన్ను.

బండి మోగింది. మిద్దె మీది పావురాలన్నీ లేచిపోయాయి. రామేశ్వరమ్మ చెవులు మూసుకుని నవ్వింది. తిమ్మయ్య దగ్గరికొచ్చి టోపీ తీసి, శబ్దం నిలకడ పడేదాకా విన్నాడు.

"నడవదని రాసింది నేనే. తప్పు రాశాను. నా దగ్గర ఇట్లాంటివి ఇంకో మూడుండాయి. బెంగళూరికి వస్తారా?"

"బండ్లనే నంద్యాలకు పంపండి సామీ. ట్యాంకులు ఊపేది మా ఇంటామె. ఆమె ఆడే ఉంటాది."

లారీ ఖాళీగా పోయింది.

మర్నాడు పొద్దున గురుస్వామి శేషయ్యను బండెక్కించాడు. ఊళ్లో ఎవరి మాటా వినని ఆ పెద్దరైతు చెయ్యిని గేరు మీద పెట్టి, సీటు పట్టుకుని, పక్కనే పరిగెత్తుతూ, వీధి చివరిదాకా కసురుతూ తీసుకుపోయాడు.