మొగలి గట్టు

వాననీళ్ళు పోయే గెడ్డ పూడ్చిన ఏడాదే నూకాలు ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. సబ్బవరం దగ్గరి కొత్త కాలనీకి దిగువన, పల్లంలో ఆమె ఇల్లు. తెల్లారి చూస్తే మూడు మేకలూ పలుపుతాళ్ళతోనే తేలుతున్నాయి. గెడ్డలో మట్టి పోయించి, పైన కారుషెడ్డు, ప్రహరీ కట్టుకున్నది కాలనీ వేసిన అర్జునరావు. నూకాలు వెళ్ళి అడిగితే, అక్కడ గెడ్డ ఎప్పుడూ లేదన్నాడు.

ముప్పై ఏళ్ళు ఆ గట్ల మీది మొగలి ఆకు కోసి చాపలల్లిన మనిషి ఆమె. మేకలకన్నా ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

మరుసటి నెల ఆ కాలనీలోనే తోటపనికి చేరింది. భర్త సింహాద్రి, మేకల్ని చంపినవాడి మొక్కలకు నీళ్ళు పోస్తావా అని అడిగాడు. గెడ్డ పూడ్చినప్పుడు మిషను పెకలించి పారేసిన మొగలి పిలకల్ని ఆమె అప్పటికే ఇంటి వెనక నాటి దాచింది.

పార్కులో గడ్డి వెయ్యమంటే వేసింది. దాంతోపాటు మొగలి పిలకలు రెండు వరసలు నాటింది, పాత గట్లు ఎక్కడుండేవో సరిగ్గా అక్కడ. వరసలు ఎగువ నుంచి వచ్చి అర్జునరావు గోడ దగ్గర ఆగేవి. గోడ అవతల మళ్ళీ మొదలై పల్లంలోకి దిగేవి.

"పాములొస్తాయేమోనే," అన్నాడు అర్జునరావు ఒకసారి, మొగలి వరసలు చూసి.

"వాసనొత్తాది బాబూ," అంది.

నాలుగో ఏడు తుపానుకు నీళ్ళు కాలనీ ఇళ్ళలోకే వచ్చాయి. జనం ఫిర్యాదు చేస్తే సర్వేయరు సాయిశంకర్ పాత పటం పట్టుకొచ్చాడు. హద్దురాళ్ళు ఒక్కటీ లేవు. నూకాలు పార పక్కన పెట్టి మొగలి వరసలు చూపించింది. టేపు పెట్టి కొలిచారు. పటంలో గెడ్డ వెడల్పూ, వరసల మధ్య దూరమూ ఒక్కటే. వరసల్ని కలిపి గీసిన గీత అర్జునరావు గోడలోంచి, కారుషెడ్డులోంచి పోయింది.

అధికారులు గోడా, షెడ్డూ కూల్చేరోజు ఆమె పని మానలేదు. ఎదురుగానే నిలబడి మొక్కలకు నీళ్ళు పెట్టింది. అర్జునరావు దగ్గరికొచ్చాడు.

"ఇదంతా నీ పనేనా?"

"నాను మొక్కలే ఏసినాను బాబూ. గోడెట్టింది మీరు."

మట్టి తీసి గెడ్డ మళ్ళీ తవ్వారు. ఈ ఏడు వానలకు నీళ్ళు మొగలి వరసల మధ్య నెమ్మదించి దిగిపోయాయి. వేళ్ళు పట్టిన గట్టులో ఒక్క పెళ్ళ కూడా విరగలేదు. పల్లంలో ఇళ్ళు తడవలేదు, కాలనీ ఇళ్ళూ తడవలేదు. అర్జునరావు ఇల్లూ తడవలేదు. అది మాత్రం ఆమెకు నచ్చలేదు.

మర్నాడు కొత్త మేకను తోలుకొచ్చి, గట్టు పక్కన, కూల్చిన కారుషెడ్డులో మిగిలిన స్తంభానికి కట్టింది. అర్జునరావు కిటికీలోంచి చూశాడు. ఆమె ముడి ఇంకొంచెం బిగించింది.